ఇసక తగలని చేప

గుప్పెడు నెత్తళ్ళు తీసి పెద్దింట్లమ్మ చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. గలగలమన్నాయి. సరిగ్గా ఎండిన నెత్తళ్ళు చింతగింజల్లా మోగుతాయి. లోపల పిసరంత తడి మిగిలినా గొంతు పట్టేసినట్టు ఊరుకుంటాయి. వాటిని మళ్ళీ వలతట్ట మీద పరిచి, పక్క తట్టలోంచి ఇంకో గుప్పెడు తీసింది. అవీ మోగాయి. అప్పుడు నవ్వుకుంది. నెత్తి మీద ప్లాస్టిక్ కాగితాన్ని వాన టపటపా కొడుతూనే ఉంది. ఈ చేప ముప్పాతిక ఎండాక వాయుగుండం పట్టింది, అప్పట్నుంచీ అదే వాన.

చేపలు ఎండబెట్టే ఆ గుడారంలో నిటారుగా నిలబడడానికి వీలుండదు. పెద్దింట్లమ్మ పొడగరి కాబట్టి లోపలున్నంతసేపూ మోకాళ్ళ మీదే తిరుగుతుంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. గట్టి ఎముక, నల్లటి ఒళ్ళు, మోచేతుల దాకా వెలిసిపోయిన పచ్చబొట్లు. ఉప్పు తిని వేళ్ళ కొసలు ఎప్పుడూ తెల్లగా చిట్లి ఉంటాయి. నవ్వితే పై పలువరుస అంతా కనబడుతుంది. అందులో ఒక్క పన్నూ కదల్లేదు. ఈడువాళ్ళందరికీ పళ్ళు ఊడుతుంటే నీకెలా నిలిచాయని ఎవరైనా అడిగితే, ఇసక నమలడం మానేశాను గనక అంటుంది.

బయట ఆమె భర్త వెంకటపతి గోనెసంచి నెత్తిన వేసుకుని తాళ్ళు బిగిస్తున్నాడు. మోకాళ్ళు అరిగిపోయి సముద్రం మీదికి వెళ్ళడం మానేశాక ఈ గుడారమే ఆయన పడవ. కాగితం చిరిగితే అతికేది, వెదురు పుచ్చితే మార్చేది ఆయనే.

"ఏమే, ఈ మూల వాసం మెత్తబడిపోయింది. వేలు పెడితే దిగిపోతంది," అన్నాడు బయటినుంచి.

"ఇయ్యాల్టికి నిలబడితే చాలు మావా. రేపు చూద్దాం."

గిలకలదిండికి అవతల సముద్రపొడ్డున ఉన్న ఈ పల్లెపాలెంలో ఒకప్పుడు ప్రతి నాలుగిళ్ళకీ ఒక గుడారం ఉండేది. సునామీ వచ్చిపోయిన మరుసటేడు ఏదో సంస్థవాళ్ళు వచ్చి వేశారు. వెదురు చట్రం, ఎండ పడే వైపు తెల్ల కాగితం, వెనక నల్ల కాగితం, నేల మీద నల్ల పరదా, లోపల నడుమెత్తున వలగుడ్డ బిగించిన తట్టలు. గాలి కింద దూరి, లోపల వేడెక్కి, పైనున్న కంతల్లోంచి పోతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. కానీ ఇసకలో మూడు రోజులు పట్టే చేప అందులో ఒకటిన్నర రోజుకే ఎండేది. ఈగ వాలేది కాదు, కాకి ఎత్తుకుపోయేది కాదు, వాన తడిపేది కాదు. ఇసక సంగతి సరేసరి. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు చేటలో ఎండుచేపలు పోసి ఇసక దులపమంటే, పెద్దింట్లమ్మ ఎంత దులిపినా రాత్రికి ఎవరో ఒకరి పంటి కింద కరకరమనేది, అందరూ ఆమె వైపు చూసేవారు. గుడారంలో ఎండిన మొదటి కానాగంత ముక్కని నోట్లో వేసుకుని, అలవాటు కొద్దీ ఇసక కోసం నాలుకతో వెతికి, దొరక్క, ఆ అత్తగారే ఆ రోజు పాలెమంతా తిరిగి ఆ వార్త చెప్పుకొచ్చింది.

అంత మంచి గుడారాన్ని ముంచింది కాటా. బందరు చేపల మార్కెట్టులో ఎండుచేప తూకానికి పోతుంది. బాగా ఎండిన చేప తేలిక. ఇసకా చెమ్మా ఉన్న చేప బరువు. అదే గంప చేప గుడారంలో ఎండితే తూకానికి తగ్గి కనబడేది, రేటు మాత్రం రెంటికీ ఒకటే. పైగా కొనేవాళ్ళు దాన్ని వాసన చూసి మొహం చిట్లించేవారు. కంపు లేదేమిటి, ఇంత తెల్లగా ఉందేమిటి, మందు కొట్టారా అని అడిగేవారు. వ్యాపారి కోటిలింగం మంచి మాటగానే చెప్పాడు, అమ్మా, మీరు నాకు చేప తెస్తున్నారు, వాళ్ళు చేపతో పాటు తీరాన్ని కూడా తెస్తున్నారు, నేను దేనికి కాటా వెయ్యను అని. ఏడాది తిరిగేసరికి గుడారాల కాగితాలు స్నానాల గదులకీ ఆటోలకీ కప్పులయ్యాయి. మిగిలింది ఇదొక్కటే.

పెద్దింట్లమ్మ నెత్తళ్ళను గంపలోకి ఎత్తుతుండగా ఆ కోటిలింగమే గొడుగు వేసుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎత్తి కట్టి, బురదలో అడుగులు వేసుకుంటూ వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన ఈ గుడారం గడప తొక్కడం ఇదే మొదలు. తీరం పొడుగునా ఇసకలో పోసిన చేపలన్నీ వానకి పురుగుపట్టాయి, పారలతో ఎత్తి సముద్రంలో పోశారు. దుకాణాలవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. కోటిలింగం వంగి లోపలికి చూసి, తట్టల మీద వెండిలా మెరుస్తున్న నెత్తళ్ళలోంచి ఒకటి తీసి విరిచి చూశాడు. తరవాత ఎప్పుడూ ఇచ్చే రేటుకి రెట్టింపు ఇస్తానన్నాడు. ఆమె నెత్తళ్ళు ఎత్తుతూనే ఉండేసరికి నువ్వు ఏది చెబితే అదే రేటన్నాడు.

ఈ మాట వినాలని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. గంప తలకెత్తుకుని మార్కెట్టు నుంచి వెనక్కి వచ్చిన రోజులన్నిటిలోనూ అనుకుంది. విన్నాక, గంపని తన వైపుకి లాక్కుంది.

"ఇవి మాటిచ్చిన చేపలండి," అంది. "గుడివాడలో పెళ్ళివారింటికి."

ఒక్క ఇంటికి ఇంత సరుకా, సగం వాళ్ళకిచ్చి సగం తనకిమ్మన్నాడు కోటిలింగం. పెళ్ళివారికి ఈ వాన సంగతి తెలియదా, అర్థం చేసుకోరా అన్నాడు.

"చేసుకుంటారండి. కానీ ఇన్నేళ్ళూ వీటిని కొన్నది ఆ ఇల్లే కదండీ."

కోటిలింగానికి కోపం రాలేదు. తల ఊపాడు. వచ్చే వారం నుంచి పాలెం అంతటి చేతా మళ్ళీ గుడారాలు వేయిస్తానని, ఆమె సరుకంతా ఇకనుంచి తనదేనని చెప్పి వెళ్ళాడు. ఆయన గొడుగు దూరమయ్యాక వెంకటపతి గోనెసంచిలోంచి మొహం బయటపెట్టి, ఆ డబ్బుతో కొత్త వెదురు, కొత్త కాగితం వచ్చేవి అన్నాడు. వచ్చేవే అంది ఆమె. ఆయన గంప ఎత్తి ఆమె తల మీద పెట్టాడు.

బందరు స్టేషన్లో గుడివాడ పాసింజరు పెట్టెలో తలుపు పక్క చోటు ఆమెది. గంప మీద కాగితం కప్పి, పక్కన గొంతుకూర్చుంది. తడిసిన వరిచేలు రెండు వైపులా వెనక్కి పోతున్నాయి. పెడన దగ్గర బండి ఆగినప్పుడు ఎప్పటిలాగే ఒకసారి లేచి బయటికి చూసింది. దానియేలుది పెడనే. సంస్థ తరఫున గుడారాలు బిగించిన ఫిట్టరు. సంస్థ వెళ్ళిపోయినా అతను మానలేదు. ఆదివారం చర్చి అయ్యాక తన టీవీఎస్ మీద వచ్చి, గుడారం చుట్టూ తిరిగి, వదులైన తీగలు బిగించి, వెంకటపతితో కలిసి అన్నం తిని పోయేవాడు. ఇది నా పెద్దకూతురు అనేవాడు గుడారాన్ని. కరోనా ఏడు పోయాడు. రైళ్ళు మళ్ళీ మొదలయ్యాక పెద్దింట్లమ్మ ఓ పొట్లం చేపలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళొచ్చింది. అతని భార్య ఆ పొట్లం విప్పి, ఇసక కోసం చూడకుండానే కడిగి పొయ్యి మీద వేసింది.

గుడివాడలో దిగేసరికి వాన సన్నబడింది. స్టేషన్ వెనక సందులో మీరా సాహెబ్ ఇల్లు. దర్జీ. మార్కెట్టు కాదన్న చేపల్ని మొదటిసారి గంపకెత్తుకుని గుడివాడ వీధుల్లో అరుస్తూ తిరిగిన రోజు, ఎక్కి దిగిన గుమ్మాలన్నిటిలోనూ ఆమెని ఆపిన ఒక్క గుమ్మం అది. ఆయనకి అప్పటికే కట్టుడు పళ్ళు. ఇసక రేణువు ఒకటి వాటి కింద పడితే చాలు, ప్రాణం పోయేది. ఆయన భార్య జోహ్రా ఆ రోజు కొన్న కాసిని నెత్తళ్ళు వేయించి పెడితే, ఆయన కుట్టుమిషను ఆపి, వీధి చివరిదాకా పరుగెత్తి, మళ్ళీ ఎప్పుడొస్తావమ్మా అని అడిగాడు. వాళ్ళ తమన్నా అప్పుడు పాకే పిల్ల. నడిచే ఈడు వచ్చాక గౌను జేబులో వేయించిన నెత్తళ్ళు పోసుకుని వేరుశెనగ గింజల్లా తింటూ తిరిగేది. ఆ ఇంటి వల్లే ఆ సందు, ఆ సందు వల్ల పక్క వీధీ పెద్దింట్లమ్మకి వాడికలయ్యాయి. మార్కెట్టంటే ఆమెకి ఆ రెండు వీధులే.

తమన్నాకి మొన్ననే అవనిగడ్డ సంబంధం పెళ్ళయింది. పెళ్ళికి బిర్యానీ, మగపెళ్ళివారి విందు వలీమాకి బిర్యానీ. ఇవాళ కొత్త అల్లుడు ఆమిర్ తల్లినీ చుట్టాలనీ వెంటబెట్టుకుని అత్తారింటికి వచ్చాడు. ఇంకోసారి బిర్యానీ వాసన తగిలితే లేచి వెళ్ళిపోతామని వియ్యాలవారు పెళ్ళి పనులప్పుడే కబురు పెట్టారు. అందుకని జోహ్రా పప్పుచారు, ఎండు నెత్తళ్ళ వేపుడు అనుకుంది. పెద్దింట్లమ్మకి పెళ్ళికి ముందే చెప్పి ఉంచింది.

గంప దించగానే జోహ్రా ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "వానకి రావనుకున్నాను అక్కా. గుడ్లు ఉడకబెట్టుకుందామని కూడా అనుకున్నాం."

"నేను రాకపోవడమేంటి జోహ్రమ్మా. మన తమన్నా ఇంటికి వచ్చిన రోజు."

వంటింట్లో వియ్యపురాలు హసీనా అప్పటికే కొంగు బిగించి కూచుంది. చురుకైన మనిషి, అవనిగడ్డలో పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. నెత్తళ్ళను చూడగానే పెద్ద బేసిన్లో నీళ్ళు తెమ్మంది. ఎండుచేపకి ఎన్ని నీళ్ళు మార్చినా అడుగున ఇసక తేలుతూనే ఉంటుందని, తను రొయ్యపొట్టు పచ్చడి మానేసిందే అందుకని చెప్పింది. ఇవి ఒక్క నీళ్ళు చాలు వదినా అని జోహ్రా అంటే నమ్మలేదు. నానబోసి, చేత్తో దేవి, చేపలు తీసేసి, బేసిన్ను వెలుతురులోకి వంచి చూసింది. అడుగున తమ మొహాలే కనిపించాయి. హసీనా వేలితో అడుగంతా రాసి చూసుకుని, పెద్దింట్లమ్మ వైపు తిరిగి, వీటిని ఎక్కడ ఎండబెడతారమ్మా అని అడిగింది. గుడారం గురించి చెప్పమంటే పెద్దింట్లమ్మకి అలుపుండదు. చేతులు రెండూ కలిపి చట్రం ఆకారం చూపిస్తూ, గాలి ఎక్కడ దూరుతుందో చూపించడానికి జోహ్రా పైట చెంగు కింద నుంచి ఊది మరీ చెప్పింది. ఆడవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు.

నూనెలో నెత్తళ్ళు పడ్డాక ఆ వాసనకి ముందుగదిలో మగవాళ్ళ మాటలు ఆగిపోయాయి. అన్నాలకి నేల మీద దస్తర్‌ఖాన్ పరిచారు. మీరా సాహెబ్ కట్టుడు పళ్ళు ఒకసారి సర్దుకుని, చూసుకోకుండా నమలండి, పూచీ నాది అన్నాడు. కాసేపు ఆ గదిలో కరకరలు తప్ప మరో చప్పుడు లేదు. అది ఇసక చప్పుడు కాదని గుమ్మం అవతల నిలబడ్డ పెద్దింట్లమ్మకి తెలుసు. అయినా ఊపిరి బిగబట్టి వింటూనే ఉంది. ఆమిర్ రెండోసారి పెట్టించుకున్నాడు, మూడోసారి అడగడానికి సిగ్గుపడి పెళ్ళాం వైపు చూశాడు. తమన్నా వచ్చి గిన్నె ఆయన ముందు పెట్టేసి పోయింది.

ఆడవాళ్ళ పంక్తి వేళకి పెద్దింట్లమ్మ గంప సర్దుకుంటోంది. హసీనా వచ్చి గంప పక్కకి లాగి, ఆమె చెయ్యి పట్టుకుని తన పక్కన కూచోబెట్టింది. తమన్నా వడ్డించింది. వేడన్నం, దాని మీద పప్పుచారు, పక్కన ఎర్రగా వేగిన నెత్తళ్ళు. పెద్దింట్లమ్మ చెయ్యి కడుక్కుని కూడా అలాగే కూచుంది. ఈ చేపల్ని పుట్టినప్పటి నుంచీ ఎండబెట్టింది, మోసింది, వండింది. వండి పెట్టింది. ఇంకొకరు వండి తనకి వడ్డించడం ఎప్పుడైనా జరిగిందా అని వెతుక్కుంది, ఒక్కటీ గుర్తు రాలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అత్తగారిలాగే, తెలియకుండానే నాలుకతో ఇసక కోసం వెతికింది.

"ఎలా ఉంది పెద్దమ్మా?" అంది తమన్నా.

"బాగుందమ్మా. ఎవరు ఎండబెట్టారో గానీ," అంది పెద్దింట్లమ్మ. అనేసి, మిగతావాళ్ళ కంటే ముందు తనే నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుని ఇంకొంచెం పప్పుచారు వేయించుకుంది.

బయల్దేరేటప్పుడు హసీనా వీధి గుమ్మం దాకా వచ్చింది. ఈ ఒక్కసారికి కాదు, ఎప్పటికీ కావాలంది. నెత్తళ్ళూ రొయ్యపొట్టూ ఈ గుడారంలోవి అవనిగడ్డ పంపితే పచ్చడి మళ్ళీ మొదలెడతానంది. సీసా మీద ఇసక లేదని రాయించుకుంటానంది. పెద్దింట్లమ్మ ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేసింది.

తిరుగు బండి కవుతరం దాటేసరికి ఎండ వచ్చింది. కడిగిన పళ్ళెంలా ఆకాశం, చేలలో నిలిచిన నీళ్ళనిండా అదే ఆకాశం. బందరులో దిగి ఆటో ఎక్కి తీరానికి వచ్చేసరికి, పాలెం పాలెమంతా ఇసక మీదికి వచ్చేసి ఉంది. పొద్దున్న ఒడ్డు వలకి పడ్డ చేపని అప్పుడే పరిచేస్తున్నారు. కోటిలింగం గొడుగు మడిచి చంకలో పెట్టుకుని వాళ్ళ మధ్య తిరుగుతున్నాడు. ఆమెని చూసి పలకరించాడు. ఎండ వచ్చేసిందమ్మా, ఇక ఇబ్బంది లేదు అన్నాడు. గుడారాల మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. మార్కెట్టు తన చేప మీద మనసు పడింది, వాన ఉన్నంతసేపు పడింది అనుకుని, గంప నెత్తిన పెట్టుకుని నవ్వుకుంటూ నడిచింది.

ఇల్లు కనిపించే మలుపులో ఆగింది. ఇంటి పక్కన ఎప్పుడూ ఎండకి మెరిసే తెల్లటి వాలు లేదు.

వెంకటపతి ఇసకలో కాళ్ళు చాపుకుని కూచున్నాడు. ఆయన ముందు గుడారం నేలకి అంటుకుని ఉంది. కాగితం ఆ మూల నుంచి ఈ మూలకి చిరిగింది. మెత్తబడిన వాసం మధ్యకి విరిగి, మిగతావాటిని కూడా లాగేసింది.

"ఎప్పుడు?" అంది.

"ఎండొచ్చాక. గాలి కూడా లేదే. నేను ఎదురుగానే ఉన్నాను. కూచున్నట్టు కూచుంది." ఆయన చేత్తో ఆ కూచోవడం చూపించాడు. "పెద్దోళ్ళు పోయినట్టు పోయింది."

ఆమె గంప దించి ఆయన పక్కన కూచుంది. సముద్రం మీద పడవలు ఒక్కొక్కటే బయల్దేరుతున్నాయి. కాసేపటికి ఆయన, పెళ్ళివారు తిన్నారా అని అడిగాడు. తిన్నారంది. ఇసక తగిలిందా అన్నాడు. ఒక్క రేణువు తగల్లేదంది. ఆయన తృప్తిగా తలాడించాడు. అప్పుడు ఆమె అవనిగడ్డ పచ్చళ్ళావిడకి మాటిచ్చిన సంగతి చెప్పింది. వెంకటపతి పడిపోయిన గుడారాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు.

"మాటిచ్చేశావా? మరి ఎక్కడ ఎండబెడతావే?"

"ఇందులోనే," అంది, విరిగిన వాసాలు చూపించి. ఆయనకి నవ్వాగలేదు. ఆయన్ని చూసి ఆమెకీ ఆగలేదు. ఇసకలో చేపలు పరుచుకుంటున్న ఆడవాళ్ళు తలలెత్తి, గుడారం కూలిపోతే ఈ మొగుడూ పెళ్ళాలకేమైందని చూశారు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ లేచారు. చిరిగిన కాగితంలో బాగున్న ముక్కలు ఒక పక్క, గట్టి వాసాలు ఒక పక్క వేరుచేశారు. చివరికి అడుగున పరిచిన నల్ల పరదా చుట్టబోయారు. వేసినప్పటి నుంచీ దాన్ని ఎవరూ ఎత్తలేదు. అంచు మడతలో ఏదో బరువుగా తగిలితే పెద్దింట్లమ్మ వేలు పెట్టి లాగింది. కటింగ్ ప్లేయరు. ఎర్ర పిడులు.

వెంకటపతి దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. గుడారం బిగించిన మొదటిరోజే దానియేలు పోగొట్టుకున్నది. నువ్వే దాచావు బావా, ఇచ్చెయ్ బావా అని పోయేదాకా ప్రతి ఆదివారం అన్నం దగ్గర ఏడిపించేవాడు. తియ్యలేదురా అని ఈయన ఒట్లు వేసేవాడు. ఉప్పుగాలికి ఇనుప మేకు నెలకే పిండయ్యే ఊళ్ళో, పరదా మడతలో, ఒక్క చుక్క తడి తగలక, అది రంగు కూడా మారలేదు. ఆయన పెడన ఉన్న దిక్కుకి తిరిగి దాన్ని పైకెత్తి చూపించాడు.

"చూశావా, నేను తియ్యలేదు," అన్నాడు.

తరవాత మోకాళ్ళు పట్టుకుని కిందికి వంగి, వాసాలకి చుట్టిన పాత తీగల్ని దాంతో కత్తిరించడం మొదలెట్టాడు. పెద్దింట్లమ్మ ఒక్కొక్క వాసాన్నీ వేలితో కొట్టి, చెవి ఒగ్గి, పనికొచ్చేదాన్ని ఏరింది. వెలుతురు తగ్గిపోయాక, మిగతాది రేపు చూసుకుందామని అన్నానికి లేచారు. గుడారం ఇన్నేళ్ళూ కప్పి ఉంచిన ఆ కాస్త చోట ఇసక పొడిగా, తెల్లగా ఉంది. దాని మధ్యలో ఎర్ర పిడుల కటింగ్ ప్లేయరు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.